మాటల చుట్టరికాలు: రష్యా వాళ్ళ ‘వేద్’కీ మన వేదానికీ ఏంటి సంబంధం?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది ఖమ్మం, నేను రష్యాలో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్ చదువుతున్నా. ఇక్కడ హాస్టల్ ఆంటీ దగ్గర్నుంచి ప్రొఫెసర్ల దాకా రెండు వాక్యాలకోసారి ‘వేద్’ ‘వేద్’ అంటుంటారు. డిక్షనరీలో చూస్తే సరైన అర్థమే దొరకట్లేదు. మా రూమ్మేట్ ఏమో అది మన వేదమే, రష్యన్ భాష సంస్కృతం లోంచే పుట్టింది అని వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్ ఒకటి చూపించింది. నిజమేనా?

జవాబు: మీ రూమ్మేట్ సగం కరెక్టమ్మా, ఆ ఫార్వర్డ్ రాసిన మహానుభావుడు మాత్రం పూర్తిగా తప్పు. ముందు మీ హాస్టల్ ఆంటీ సంగతి చూద్దాం. ‘వేద్’కి డిక్షనరీలో అర్థం ఎందుకు దొరకట్లేదంటే అది ఇప్పుడు చేసేది మన ‘కదా’ చేసే పని, ‘ఓన్ వేద్ వ్రాచ్’ అంటే ‘ఆయన డాక్టర్ కదా’, అంతే. నీకూ తెలిసిందే నాకూ తెలిసిందే, మర్చిపోయావేమో అని గుర్తుచేస్తున్నా, అనే ధోరణి అన్నమాట. కానీ ఒకప్పుడు ఇది ముక్క కాదు, ‘వేదే’ అని పూర్తి క్రియ, దానికి అర్థం ‘నాకు తెలుసు’. మాట్లాడేటప్పుడు మధ్యలో నాకు తెలుసు, నాకు తెలుసు అని వాడీ వాడీ చివరి అచ్చు అరిగిపోయి, అర్థం కూడా అరిగిపోయి, చివరికి ఊతపదంలా మిగిలింది. మనం మాత్రం తక్కువ తిన్నామా, ‘నిన్న ఏమైందో తెలుసా’ అన్నప్పుడు ఎదుటివాడికి తెలుసో లేదో మనకి నిజంగా కావాలా ఏంటి.

ఆ క్రియ అసలు పేరు ‘వేదేతి’, తెలుసుకుని ఉండటం. రష్యన్, పోలిష్, చెక్, సెర్బియన్, బల్గేరియన్ ఇవన్నీ విడిపోకముందు, అంటే దాదాపు 1500 ఏళ్ళ కిందట, ఆ జనం మాట్లాడిన ఉమ్మడి భాషని ప్రోటో స్లావిక్ అంటారు, ఇది ఆ భాషలో మాట. చివర ‘తి’ చూసి సంస్కృతంలో పఠతి, గచ్ఛతి లాంటిదేమో అనుకోకు, అది వాళ్ళ భాషలో ‘తెలియడం, చదవడం’ అన్నప్పుడు మన ‘డం’ లాంటిది.

ఇప్పుడు వేదం సంగతి. నువ్వు ఏ గుడికి వెళ్ళినా హారతి అయ్యాక మంత్రపుష్పం వినే ఉంటావు, ‘యో౽పాం పుష్పం వేద’ అని మొదలై మధ్య మధ్యలో ‘య ఏవం వేద’ అని వస్తూనే ఉంటుంది. అక్కడ ‘వేద’ అంటే ఋగ్వేదం, యజుర్వేదం అని పుస్తకం పేరు కాదు, అది క్రియ. ఎవడు నీటి పువ్వుని తెలుసుకున్నాడో, ఎవడు ఇలా తెలుసుకున్నాడో అని అర్థం. మీ ఆంటీ నోట్లో వచ్చే ‘వేద్’, మన పూజారి గారి నోట్లో వచ్చే ఈ ‘వేద’ రెండూ ఒకే క్రియకి మిగిలిన ముక్కలే, ఇందులో డౌట్ లేదు, నాకైతే ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు గుళ్ళో నిలబడి నవ్వొచ్చేసింది.

ఇంకో తమాషా. ఆ ‘వేద’ రూపం మామూలు వర్తమాన కాలం కాదు. చకార, జగామ లాంటి భూతకాలం రూపాల జాతి, కాకపోతే వాటికున్నట్టు మొదటి అక్షరం రెండుసార్లు రాదు. రూపం భూతకాలం, అర్థం మాత్రం ఇప్పటిది. ఎందుకంటే ఆ ధాతువుకి మొదటి అర్థం తెలియడం కాదు, చూడటం. ‘చూశాను’ కాబట్టి ‘తెలుసు’. లాటిన్ వాళ్ళ దగ్గర ఆ చూపు అర్థం అలాగే ఉండిపోయింది, ‘విదేఓ’ అంటే చూస్తున్నాను, మనం పొద్దస్తమానం ఫోన్‌లో చూసే వీడియో అదే మాట. గ్రీకు వాళ్ళు ‘ఓయిద’ అంటే మళ్ళీ ‘తెలుసు’. జర్మన్ వాళ్ళ ‘వైస్’ కూడా అంతే, ఇంగ్లీషులో వైజ్, విజ్‌డమ్ అంటామే అవీ ఈ ఇంటి పిల్లలే. స్లావ్‌లకి మాత్రం రెండూ దక్కాయి, ‘విదేతి’ అంటే చూడటం, ‘వేదేతి’ అంటే తెలియడం, పక్కపక్కనే బతికాయి.

అయితే రష్యన్ సంస్కృతం నుంచి పుట్టిందా? లేదు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే భాషా పండితుడు ఇచ్చిన ప్రసంగంలోనే ఉంది, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఈ మూడూ బహుశా ఇప్పుడు లేని ఒకే భాష నుంచి పుట్టి ఉండాలి అని. ఆ ‘ఇప్పుడు లేని’ అన్న ముక్కని ఫార్వర్డ్‌లు రాసేవాళ్ళు ఎప్పుడూ వదిలేస్తారు. సంస్కృతం అమ్మ కాదు, రష్యన్‌కి పెద్దమ్మ వరస అనుకో. రుజువు కూడా ఈ మాటలోనే ఉంది: గ్రీకు ‘ఓయిద’లో ‘ఓయ్’ అనే పాత అచ్చు చెక్కు చెదరలేదు, సంస్కృతంలో అది ‘ఏ’ అయిపోయింది. రష్యన్, గ్రీకు రెండూ సంస్కృతానికి పిల్లలే అయితే గ్రీకువాళ్ళు అమ్మ దగ్గర లేని ‘ఓయ్’ని ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నట్టు? స్లావ్‌లూ ఆ ‘ఓయ్’నే మార్చుకుని తమ ‘ఏ’ చేసుకున్నారు, మనతో ఏ సంబంధం లేకుండా. రెండిళ్ళల్లో పిల్లలకి ఒకే ముక్కు రావడం లాంటిది.

నువ్వు మెడిసిన్ కాబట్టి ఇది కూడా చెప్పాలి. వైద్యుడు అన్న మాట విద్య నుంచి వచ్చింది, విద్య ‘విద్’ ధాతువు నుంచి. రష్యన్‌లో అదే ఇంటి ఆడపడుచు ‘వేద్మా’, అంటే మంత్రగత్తె, అసలు అర్థం ‘తెలిసినావిడ’. మూలికలు తెలిసిన ముసలామె, ఊరివాళ్ళు పగలు తిట్టుకుని రాత్రి వెళ్ళి మందు అడిగే రకం. మనకీ విద్య అంటే బడి చదువొక్కటే కాదు కదా, గారడీ విద్య, క్షుద్రవిద్య అనమా. సెర్బియన్‌లో మంత్రగత్తె ‘వేష్టిత్సా’, ‘వేష్ట్’ అంటే పనితనం ఉన్న మనిషి. ఇక మీ హాస్పిటల్లో వార్డు హెడ్‌ని ‘జవేదుయుష్చీ’ అంటారే, అదీ ఈ మాట లోంచే, తెలిసినవాడే అజమాయిషీ చేస్తాడని కాబోలు (మన ఆఫీసుల్లో అయితే ఈ వ్యుత్పత్తి నిలబడదు).

ప్రశ్న: పాత భాషల మాటలు రాసేటప్పుడు ముందు ఒక నక్షత్రం గుర్తు పెడతారు, ‘*వేదేతి’ అని. అది ఎందుకు? ఎక్కడా రాసిలేని మాటని ఇంత గట్టిగా ఎలా చెప్తారు, ఊహే కదా? (డిగ్రీ విద్యార్థి, అనంతపురం)

జవాబు: నక్షత్రం అంటే ‘ఇది ఎక్కడా రాసి దొరకలేదు, మేం లెక్కగట్టి తేల్చాం’ అని ఒప్పుకోవడం. దీన్ని అలవాటు చేసిన మనిషిగా అగస్ట్ ష్లైహర్ అనే జర్మన్ పండితుడి పేరు చెప్తారు, ఆయన 1850ల్లో ప్రాగ్‌లో పాఠాలు చెప్పాడు, 1868లో ఏకంగా ఆ లేని భాషలో ఒక గొర్రె కథే రాసేశాడు, అంత ధీమా.

ఊహే, కాదనను, కానీ గాల్లో ఊహ కాదు. ఎలాగో ఈ మాటతోనే చూపిస్తా. ఇప్పటి రష్యన్ స్పెల్లింగ్‌లో ‘వేదు’ అంటే ‘నడిపించుకెళ్తున్నాను’, ‘వేదయు’ అంటే ‘ఎరుగుదును’. చూస్తే రెండింట్లోనూ ‘వేద్’, ఒకే మాట అనుకుంటాం. కానీ 1918 స్పెల్లింగ్ సంస్కరణకి ముందు పుస్తకాలు చూస్తే రెండోదాన్ని ‘యాత్’ అనే వేరే అక్షరంతో రాసేవాళ్ళు. సరే, అది ఏదో పాత రాతల చాదస్తం అనుకుందాం, మరి పక్కింటి ఉక్రేనియన్ దగ్గరకి వెళ్తే ‘నడిపిస్తున్నాను’ ఇంకా ‘వెదు’నే, తెలియడం మాత్రం ‘వీదతి’, మంత్రగత్తె ‘వీద్మా’, ఈ వైపు మాత్రమే ‘ఈ’ వచ్చింది. అలాగే వార్త అన్న మాట ఇదే ధాతువు, సెర్బియాలో ‘వేస్త్’ అంటే క్రొయేషియాలో ‘వియెస్త్’. పోలిష్‌లో ‘వ్యెజెచ్’ (తెలియడం) లాంటి చోట ‘యె’, ‘ష్వ్యాదెక్’ (సాక్షి) లాంటి చోట ‘యా’. ఇన్ని భాషలు ఒకరినొకరు అడక్కుండా సరిగ్గా అవే మాటల్లో తలో దారి పట్టాయంటే అక్కడ ఒకప్పుడు మామూలు ‘ఎ’ కాని ఇంకో అచ్చు ఉండి తీరాలి. అదే ఆ యాత్. నక్షత్రం వెనకాల ఉన్నది ఈ కూడికలు, తీసివేతలు.

పైగా ఈ మాట విషయంలో అదృష్టం ఏంటంటే 863లో సిరిల్, మెథోడియస్ అనే క్రైస్తవ ప్రచారకులు, అన్నదమ్ములు, ఇప్పటి చెక్ దేశం వైపున్న మొరావియా వెళ్ళి స్లావ్‌లకి అక్షరాలు, బైబిల్ అనువాదాలు మొదలుపెట్టారు కదా, ఆ పాత చర్చి స్లావిక్ రాతల్లో ఈ క్రియ కళ్ళకి కనపడుతుంది, ‘నాకు తెలుసు’ అన్నదానికి ‘వేమి’ అనీ ఉంది, ‘వేదే’ అనీ ఉంది. ఆ రెండోదే మన ‘వేద’ జాతి పాత రూపం, స్లావిక్ మొత్తంలో ఆ జాతి క్రియారూపానికి దాదాపు ఇదొక్కటే మిగిలింది. అంతెందుకు, వాళ్ళ అక్షరమాల మొదటి మూడు అక్షరాల పేర్లు అజ్, బూకి, వేది. అజ్ అంటే నేను, బూకి అంటే అక్షరాలు, వేది అంటే ఇదే మన తెలియడం. మనం ఓనమాలు దిద్దుకుంటే అక్కడి పిల్లలు ‘నాకు అక్షరాలు తెలుసు’ అంటూ మొదలుపెట్టేవాళ్ళన్నమాట, ఒక్క అక్షరం రాకముందే!

ప్రశ్న: అక్కా, నేను చెక్ రిపబ్లిక్‌లో బ్రనోలో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా, చెక్ క్లాసులకి వెళ్తున్నా. ఒకచోట ‘వీమ్’ అనాలంట, ఇంకోచోట ‘జ్నామ్’ అనాలంట, రెండూ ‘నాకు తెలుసు’ అనే అంటున్నారు. ఎప్పుడూ తప్పే చెప్తున్నా, ఏదైనా ఈజీ గుర్తు చెప్పవా?

జవాబు: తమ్ముడూ, ‘వీమ్’ విషయానికి, ‘జ్నామ్’ పరిచయానికి. వాడు ఎక్కడుంటాడో తెలుసు అంటే వీమ్. వాడు తెలుసు అంటే జ్నామ్. తెలుగులో ఇప్పుడు రెండిటికీ ‘తెలుసు’ అనేస్తున్నాం కానీ మా నాయనమ్మ మనుషుల దగ్గరకొస్తే ‘ఆయన్ని నేనెరుగుదును’ అనే అనేది, ఆ ఎరుగుని గుర్తుపెట్టుకుని ‘జ్నామ్’ దగ్గర పెట్టేయ్.

‘జ్నామ్’ ఎవరనుకున్నావ్, మన జ్ఞానంలో ఉన్న ‘జ్ఞా’ ధాతువుకి కజిన్. అందుకని తమాషా ఏమైందంటే సైన్స్‌ని మనం విజ్ఞానం అని ‘జ్ఞా’ వైపు తీసుకున్నాం, చెక్ వాళ్ళు ‘వ్యెదా’ అని ‘విద్’ వైపు తీసుకున్నారు. మీ బ్రనోలో యూనివర్సిటీ బోర్డుల మీద ఆ మాట కనపడే ఉంటుంది చూడు, వేదపాఠశాల అనుకోకు.

ఇంకా ‘వీమ్’ చివర ఆ ‘మ్’ గమనించావా? సంస్కృతంలో ‘నాకు తెలుసు’ని ‘వేద్మి’ అని కూడా అంటారు. పాత స్లావిక్‌లో ‘వేమి’, మధ్యలో ‘ద్’ రాలిపోయింది. నేటి స్లొవేనియన్‌లో ‘వేమ్’, పోలిష్‌లో, స్లొవాక్‌లో ‘వ్యెమ్’, చెక్‌లో ‘వీమ్’. పాత స్లావిక్‌లో ఇలా నేరుగా ‘మి’ తగిలించుకునే పాతకాపు క్రియలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, ఐదు: ఉండటం, ఇవ్వడం, తినడం, తెలియడం, కలిగి ఉండటం. సంస్కృతం చదివినవాళ్ళకి అస్మి, దదామి, అద్మి, వేద్మి గుర్తుకొస్తాయి. బతకడానికి మరీ ముఖ్యమైన పనులు కాబట్టి రోజూ నోట్లో నానుతూ పాత రూపాలు పోగొట్టుకోలేదు, తరచుగా వాడే మాటలే మొండిగా ఉంటాయి ఏ భాషలో అయినా.

పక్కన బ్రాటిస్లావా వెళ్తే ఇంకోటి. స్లొవాక్‌లో ‘వ్యెమ్ ప్లావత్’ అంటే ‘నాకు ఈత వచ్చు’. చెక్‌లో దానికి వేరే క్రియ వాడతారు, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది కానీ ఇక్కడ మాత్రం తేడా. రష్యన్‌లో అయితే రోజువారీ మాటల్లో ఈ క్రియని జ్నాత్ తోసేసింది, ‘వేదత్’ అంటే గ్రాంథికం వాసన, సెర్బియన్, బల్గేరియన్‌లో క్రియ పోయి దాని పిల్లలే మిగిలాయి. అయినా రష్యన్‌లో పాత రూపం ఒకటి దేవుడి చాటున దాక్కుంది, ‘బోగ్ వేస్త్’, అచ్చంగా మన ‘దేవుడికెరుక’.

ప్రశ్న: రష్యన్‌లో ఎలుగుబంటిని ‘మెద్‌వేద్’ అంటారు, అంటే తేనె గురించి తెలిసినది అని మా అబ్బాయి ఎక్కడో చదివాడట. మరి ఇదీ వేదమేనా? (ఒక తండ్రి, విజయనగరం)

జవాబు: కాదండీ, కానీ ఈ తప్పు రష్యన్లు కూడా చేస్తారు కాబట్టి మీ అబ్బాయిని తిట్టకండి. ఇక్కడ విరగ్గొట్టాల్సిన చోటు వేరు. మెద్ + వేద్ కాదు, ‘మెదు’ + ‘ఏద్’. మెదు అంటే తేనె, మన మధువే. ఏద్ అంటే తినేది. బళ్ళో యణాదేశ సంధి చదువుకున్నాం కదా, అణు + అస్త్రం అణ్వస్త్రం, గురు + ఆజ్ఞ గుర్వాజ్ఞ, ఉకారం పోయి వకారం వస్తుందని, ఇదీ సరిగ్గా అదే. ఋగ్వేదంలో తేనె తినే పక్షులకి ‘మధ్వదః’ అన్న మాట ఉంది, మధు + అద్. ఎలుగుబంటి అసలు పేరు పలికితే అది వచ్చేస్తుందేమోనని భయపడి స్లావ్‌లు ఇలా ‘తేనె తినేది’ అని చాటుపేరు పెట్టుకున్నారని పండితులు అంటారు, మనవాళ్ళు రాత్రిపూట పాముని పురుగు అన్నట్టు. తర్వాత ఆ సంధి సంగతి జనం మర్చిపోయారు, ‘వేద్’ అని వినపడుతోంది కాబట్టి తెలిసినది అని అర్థం చెప్పేసుకున్నారు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి, తెనాలి. మీరు చెప్పిన స్లావ్ మాటకి మన ‘తెలియు’తో ఏమైనా బంధుత్వం ఉందా? మన తెలుగులో ఈ ధాతువు జాడలు ఎక్కడెక్కడ ఉన్నాయి?

జవాబు: మాస్టారూ, మీకు నేను చెప్పేదేముంది, అయినా అడిగారు కాబట్టి. తెలియుకి బంధుత్వం లేదు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదు, వేరే కుటుంబం అని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో చూపించాడు, ఆ లెక్క ఈరోజుకీ మారలేదు. తెలియు ద్రావిడం, తమిళంలో ‘తెళి’ అంటే తేటపడటం. కానీ ఆలోచన చూడండి ఎంత దగ్గరగా వచ్చిందో, వాళ్ళు ‘చూశాను’ లోంచి ‘తెలుసు’ చేసుకుంటే మనం తేటదనం, తెల్లదనం లోంచి చేసుకున్నాం. తెలుపు అంటే రంగూ అదే, ‘విషయం తెలుపుము’ అన్నా అదే.

ఇక విద్ ధాతువు జాడలంటే విద్య, విద్వాంసుడు, కోవిదుడు ఎలాగూ మీరు వల్లిస్తారు. వేదన కూడా అదే, తెలియడం అనుభవించడం అయ్యి అక్కణ్ణుంచి బాధ అయింది. నాకు అన్నిటికన్నా నచ్చేది నివేదిక. ని చేర్చి ప్రేరణార్థకం చేస్తే ‘తెలియజెప్పడం’, దేవుడికి తెలియజెప్పి పెట్టేది నైవేద్యం, పై ఆఫీసుకి తెలియజెప్పేది నివేదిక. రష్యాలో పీటర్ చక్రవర్తి 1703లో మొదలుపెట్టిన మొదటి అచ్చు పత్రిక పేరు ‘వేదొమొస్తి’, అంటే అచ్చంగా నివేదికలు, ఇదే ధాతువు! 1917లో పుట్టిన ‘ఇజ్‌వేస్తియా’ అన్నా అదే, వార్తలు.

రష్యన్‌లో ‘నెవేఝా’ అంటే మర్యాద తెలియనివాడు, ‘నెవేఝ్‌దా’ అంటే చదువు తెలియనివాడు. అసలు ఒకటే మాట, మొదటిది ఇంటి రూపం, రెండోది చర్చి భాష నుంచి వచ్చిన రూపం. మీరు పిల్లలకి ప్రకృతి విద్య, వికృతి విద్దె అని చెప్పుంటారు కదా, ఆ జంట లాంటిదే, కాకపోతే వాళ్ళు రెండిటికీ చెరో పని అప్పజెప్పారు.

ఒక్కటి మాత్రం మీకు తప్పకుండా నచ్చుతుంది. మనం సాక్షి అంటాం, అందులో ఉన్నది అక్షి, కన్ను. స్లావ్‌లు పాతరోజుల్లో సాక్షిని ‘సు-వేదేతెల్’ అన్నారు, అంటే ‘కూడా ఉండి తెలిసినవాడు’. కానీ రష్యన్లు పోను పోను తెలిసినవాడు ఏంటి, సాక్షి అంటే కళ్ళతో చూసినవాడు కదా అనుకుని, వేదేతిని పక్కింటి విదేతి చేసి ‘స్విదేతెల్’ అని మార్చేసుకున్నారు. చెక్‌లో ఇంకా పాతదే, సాక్షి ‘స్వ్యెదెక్’. అంతరాత్మని ఏమంటారంటే ‘స్వ్యెదొమీ’. మన దగ్గర సాక్షి, మనస్సాక్షి. వాళ్ళకి ఆ జంటలో రెండోది, అంతరాత్మ, గ్రీకు చర్చి మాటకి అనువాదంగా వచ్చింది, ఆ గ్రీకు మాటలో ఉన్నదీ ‘ఓయిద’ ధాతువే, అంటే వేల ఏళ్ళ కిందట విడిపోయిన అన్నదమ్ములు ఒకరి మాటని ఒకరు అనువాదం చేసుకున్నారు, తాము అన్నదమ్ములమని తెలియకుండానే.

ప్రశ్న: రష్యన్‌లో పెళ్ళికూతుర్ని ‘నెవేస్తా’ అంటారు కదా, దానికి ‘తెలియనిది’ అని అర్థం అన్నారు మా ఫ్రెండ్. జోక్ చేస్తున్నాడా? (హైదరాబాద్)

జవాబు: జోక్ కాదు. ‘నె’ అంటే కాదు, ‘వేస్తా’ అంటే తెలిసినది, కొత్తగా ఇంట్లో అడుగుపెట్టిన, ఎవరికీ తెలియని అమ్మాయి. ఇంకో వాదన కూడా ఉంది, మొదటి ముక్క ‘కొత్త’ అనీ, రెండోది ఇందాక చెప్పిన ‘నడిపించుకెళ్ళడం’ అనీ, అంటే కొత్తగా వెంటబెట్టుకొచ్చిన పిల్ల. రెండూ పెళ్ళికి సరిపోయేవే. నేను మొదటి పక్షం, ఎందుకంటే పాత రాతల్లో ఈ మాటని ఆ యాత్ అక్షరంతోనే రాశారు, తెలియడానికి ఉండేది అదే, నడిపించడానికి ఉండేది కాదు. రెండో పక్షం వాళ్ళేమో ఆ యాత్ తర్వాత జనం అర్థం మార్చి చెప్పుకోవడం వల్ల వచ్చి చేరింది అంటారు, ఎలుగుబంటి విషయంలో అలాంటి పని చేసినవాళ్ళు పెళ్ళికూతురి విషయంలో మాత్రం ఊరుకుంటారా అని.